ఏమీ తెలియని నర్సు

ఆ సోమవారం పొద్దున దోన్యా ఎదువీహెస్, అంటే మా ఎదువీహెస్ అమ్మగారు, వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ కాచాలి. జుట్టు దువ్వి ముడి వేసుకోవాలి. నర్సు వస్తే తన నాలుగు మందుల సంగతి గడగడా అప్పజెప్పి, ఆ పిల్ల చేత సరే అనిపించుకోవాలి. ఆ పైన పండుగకి కట్టే ఎర్రపూల పావడా తీసి ఇస్త్రీ పెట్టుకోవాలి. ఇందులో తేడా రావడానికి ఏమీ లేదనే ఆమె అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు.

శనివారం కాందెలారియా మాత పండుగ. ఆ సాయంత్రం మా ఊరు సాంతా ఇల్దాలో ఏటి ఒడ్డున డోలు దెబ్బకి వలయంగా తిరుగుతూ కుంబియా ఆడతారు. వెలిగించిన కొవ్వొత్తుల కట్టను కుడిచేత్తో పైకెత్తి వలయానికి ముందు నడిచే ఆడమనిషి ఎవరో, పండుగంతా ఆమెదే. ఎదువీహెస్ ఆ చోటుని మొగుడు బతికున్న రోజుల్లో సంపాదించుకుంది, మొగుడు పోయాక కూడా వదల్లేదు. అయితే క్రిస్మస్ ముందు సాధన చేస్తుండగా కళ్ళు తిరిగి డోలు మీద పడింది. డోలు చిరిగింది కానీ ఆమెకేమీ కాలేదు. అయినా ఆరోగ్య కేంద్రం డాక్టరు బర్రాసా ఊరుకోలేదు.

"మందులు సరిగ్గా వేసుకుంటున్నారో లేదో ముందు తేలాలి. కొత్త నర్సుని ఇంటికి పంపిస్తాను. ఏ మాత్ర ఎందుకో, ఎప్పుడు వేసుకోవాలో ఆ అమ్మాయికి చెప్పగలిగారా, కొవ్వొత్తులు మీవి. లేదా, ఈ ఏడాదికి తెమిల్దాగారు పట్టుకుంటారు" అన్నాడు.

తెమిల్దా పక్కింటావిడ. ఎదువీహెస్ కొడుక్కి జ్ఞానస్నానం నాడు జ్ఞానతల్లిగా నిలబడింది కాబట్టి ఇద్దరూ వదినా వదినా అనుకుంటారు. ఇద్దరూ విధవరాళ్ళు. ఒకరి ఇంట్లో ఉప్పు అయిపోతే రెండో ఇంటికి వెళ్ళడానికి తలుపు తట్టే అలవాటు కూడా లేదు. కానీ కొవ్వొత్తుల సంగతి వచ్చేసరికి ఇద్దరి మధ్యా మాటలు కొంచెం తగ్గేవి.

మందుల విషయంలో ఎదువీహెస్‌కి భయమేమీ లేదు. డబ్బాల మీద అక్షరాలు చీమల్లా ఉంటాయని ఆమె వాటిని ఎప్పుడో పారేసింది. మాత్రల్ని పునీతులకి అప్పగించింది. గోడకున్న బల్ల మీద నలుగురు ఉన్నారు, ఒక్కొక్కరి పాదాల దగ్గర ఒక్కో చిన్న గిన్నె, కొవ్వొత్తి మైనంతో విగ్రహానికే అతికించి ఉంది. ఒంట్లో నీరు తీసే మాత్ర పునీత ఇసిద్రో దగ్గర, ఎందుకంటే వానల లెక్క ఆయనది. రక్తపోటు మాత్ర కార్మెల్ మాత దగ్గర, పొంగిన సముద్రాన్ని అణచే తల్లి ఆవిడే కదా. పునీత మార్తీన్ చేతిలో చీపురు ఉంటుంది, కాబట్టి రక్తంలో కొవ్వు ఊడ్చే పని ఆయనకిచ్చింది, అదీ రాత్రి పడుకునే ముందు, ఇల్లు సర్దుకున్నాక. పునీత ఆంతోనివారి పేరున పేదలకి రొట్టె పంచుతారు కనుక తిండితో పాటు వేసుకోవలసిన చక్కెర మాత్ర ఆయన దగ్గర పెట్టింది. దుమ్ము పడకుండా అందరి మీదా ఒక తెర.

నర్సు యోలైమా కాఫీ దిగకముందే వచ్చింది. సన్నగా, చెమటతో, చంకలో సంచితో. ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచి ఆమె గడప గడపా తిరిగి, "మందులు ఎలా వేసుకోవాలో అర్థమైందా?" అని అడుగుతూనే ఉంది. మా ఊళ్ళో ఆ ప్రశ్నకి ఒకటే జవాబు, "అర్థమైంది." కాదంటే చదువుకున్న పిల్ల నొచ్చుకుంటుందని మా వాళ్ళ మర్యాద. ఇంత అర్థమైన ఊళ్ళో ఇన్ని కళ్ళు తిరగడాలు ఎందుకున్నాయో ఆమెకి అంతు చిక్కలేదు. అందుకే ఆ పొద్దున దారి మార్చింది.

"దోన్యా ఎదువీహెస్, ఇవాళ నేను ఏమీ అడగను. నాకు మందుల గురించి ఏమీ తెలియదనుకోండి. మీరే నాకు నేర్పండి" అంది.

"ఓ, అదెంత పని తల్లీ!" అని ఎదువీహెస్ ఠీవిగా తెర లాగింది.

బల్ల మీద ముగ్గురే ఉన్నారు. ఆంతోనివారు గిన్నెతో సహా మాయం.

ఎదువీహెస్ తెర వెనకా, బల్ల కిందా వెతికింది. పోయిన వస్తువు దొరకాలంటే మా ఊళ్ళో మొక్కుకునేది ఆంతోనివారికే. ఇప్పుడు ఆయనే పోతే ఎవరికి మొక్కాలో ఆమెకి తోచలేదు. పండుగ వారంలో ఇంట్లో పునీతుణ్ణి పోగొట్టుకున్నదని తెలిస్తే వీధిలో తలెత్తుకోవడం ఎలా?

"మీకు నాలుగు మందులు కదమ్మా. ఇక్కడ మూడే ఉన్నాయి" అంది నర్సు మెల్లగా.

"నాలుగోది... నాలుగోది వస్తుంది. బయటికి వెళ్ళింది."

"మాత్ర బయటికి వెళ్ళిందా?"

"నువ్వు కాఫీ తాగుతుండమ్మా, ఇప్పుడే వస్తా" అని ఎదువీహెస్ పెరటి దారి పట్టింది.

తెమిల్దా పెరట్లో ఊగుడు కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎదువీహెస్ కంచె మీంచి వంగి, "వదినా, మా ఆంతోనివారు నీకేమైనా కనిపించాడా?" అని అడిగింది.

తెమిల్దా కుర్చీ ఊగడం మానేసింది. "నాకెందుకు కనిపిస్తాడు? ఆయనేమైనా నడిచి వస్తాడా? అది సరే, మీ ఇంట్లో ఎవరో ఆడపిల్ల గొంతు వినిపిస్తోంది, ఎవరు?"

"నర్సు. పాపం వదినా, ఆ పిల్లకి మందుల గురించి ఏమీ తెలియదుట. నన్ను నేర్పమంటోంది."

ఎదువీహెస్ ఆ మాట ఏదో తొందరలో అంది. నిజం చెప్పాలంటే ఆ పిల్ల అమాయకపు మొహం చూశాక కొంత నమ్మింది కూడా. కానీ మాట మార్చడానికి దారి వెతుక్కుంటున్న తెమిల్దాకి అది వరంలా దొరికింది.

"ఏమీ తెలియదా? అయ్యో దేవుడా! అంత దూరం నుంచి ఒంటరిగా వచ్చింది, మనం కాకపోతే ఎవరు నేర్పుతారు?" అని లేచి, వీధి గుమ్మంలోకి వెళ్ళి, ఎదురింటి దొన్ రొసెందోని కేకేసింది.

రొసెందో మా ఊరి డోలు వాయించేవాడు. భార్య పోయి చాలా కాలమైంది, మీసం మాత్రం ఇంకా ఎవరికోసమో దువ్వుకుంటాడు. సంగతి వినగానే జాలిపడి, తన మాత్రల అట్ట జేబులో వేసుకుని బయల్దేరాడు. దారిలో పడవ నడిపే ఫెర్మీన్ కలిశాడు. ఫెర్మీన్ తన మాత్రల కోసం ఇంటికి పరిగెత్తాడు. కాఫీ సగం తాగేసరికి నర్సు చుట్టూ వీధి వీధంతా చేరింది, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పొట్లం.

"అందరూ ఏమిటండీ?" అంది యోలైమా కంగారుగా.

"భయపడకమ్మా. మేం ఎవ్వరికీ చెప్పం. ఇటు చూడు" అన్నాడు రొసెందో, పిల్లలకి అక్షరాలు దిద్దించే గొంతుతో. "ఇది రక్తపోటు మాత్ర. దీన్ని మీ ఆరోగ్య కేంద్రానికి వచ్చే రోజు పొద్దున వేసుకోవాలి."

"ఆ ఒక్కరోజేనా?"

"మరి? చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టేది ఆ రోజే కదా! అంకె ఎక్కువ వస్తే డాక్టరు మొహం మాడిపోతుంది. ఆయన సంతోషం కోసం నేను ఎప్పుడూ మరిచిపోను."

యోలైమా నోరు తెరిచింది. తనకి అన్నీ తెలుసని చెప్పబోయింది. అంతలో ఫెర్మీన్ అడ్డొచ్చాడు.

"ఆయన రక్తపోటు సంగతి చెప్పాడు, చక్కెర సంగతి నేను చెబుతా, రాసుకో. జామపండు హల్వా తిన్నరోజు ఒకటి వేసుకోవాలి. పెళ్ళి భోజనానికి వెళ్తే రెండు. తీపి తినకపోతే వేసుకోకూడదు, మాత్ర దండగ."

యోలైమా తెరిచిన నోరు మూసుకుంది. ఇన్నాళ్ళూ "అర్థమైంది" అన్న ఊరు ఇప్పుడు మొదటిసారి తనకి అర్థమవుతోంది. కుర్చీ ముందుకు లాక్కుని, కళ్ళు ఇంతింత చేసుకుని, "అలాగా! ఇంకా చెప్పండి" అంది. దాంతో అందరికీ హుషారొచ్చింది. నేనంటే నేనని తోసుకున్నారు. గొట్టం మాత్ర మింగితే గొంతులో అడ్డం పడుతుందని విప్పి నిమ్మరసంలో చల్లుకునే ఆవిడ ఒకరు చల్లి చూపించింది. ఎదువీహెస్ వచ్చినవాళ్ళందరికీ కాఫీలు పోస్తూ, ఈ గోలలో నాలుగో మాత్ర సంగతి మరుగున పడుతుందని లోలోపల దండాలు పెట్టుకుంటోంది. తెమిల్దా ఒక్కతే ఏమీ నేర్పకుండా గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

ఇంతలో మాట వీధి దాటింది. రొట్టెల కొట్టు దగ్గరికి వెళ్ళేసరికి "నర్సుకి చదువు రాదు" అయింది. చర్చి మెట్ల దగ్గర "నర్సు కాదు, నర్సు బట్టలు వేసుకున్న ఎవరో మనిషి" అయింది. ఆరోగ్య కేంద్రం గుమ్మంలోకి వచ్చేసరికి, ఆ మనిషి ఎదువీహెస్ ఇంట్లో కూర్చుని ఊరందరి మాత్రలూ పోగుచేస్తోందని తేలింది. డాక్టరు బర్రాసా దొరికిన మోటారు సైకిలు వెనకెక్కి, తెల్లకోటు గాలికి ఎగురుతుండగా వచ్చి పడ్డాడు.

"ఏం జరుగుతోందిక్కడ? యోలైమా! నీకు మందుల గురించి ఏమీ తెలియదని ఊరంతా కోడై కూస్తోంది. ఏమిటిది?"

నర్సు లేచి నిలబడేలోపే రొసెందో మధ్యలోకి వచ్చాడు.

"డాక్టరుగారూ, పిల్లని కోప్పడకండి. పొద్దున ఏమీ తెలియదు, మాట నిజమే. ఇప్పుడు చాలా నయం."

"బుర్ర చురుకైంది. ఒక్కసారి చెబితే పట్టేస్తోంది. ఏదైనా అడిగి చూడండి, తప్పు చెబితే మాదే పూచీ" అన్నాడు ఫెర్మీన్.

యోలైమా డాక్టర్ని గోడ పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించింది. "సార్, అన్నీ తెలిసినదాన్నని తిరిగినన్నాళ్ళూ ఒక్కరూ నోరు విప్పలేదు. ఇవాళ పొద్దున్నుంచి విన్నవి మీకు చెబితే మీకు కూడా ఒక మాత్ర కావలసి వస్తుంది. దండం పెడతాను, నాకేమీ తెలియదనే ఉండనివ్వండి."

డాక్టరు ఆమెని ఒకసారి, జనం చేతుల్లోని పొట్లాల్ని ఒకసారి చూశాడు. కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు. అయినా ఇంత దూరం ఎగిరొచ్చాక ఏదో ఒకటి తేల్చకుండా వెళ్ళడం ఎలాగని ఎదువీహెస్ వైపు తిరిగాడు.

"సరే, ఈ ఇంటి పరీక్ష ఏమైంది?"

ఎదువీహెస్ బల్ల దగ్గరికి వెళ్ళి మూడు మాత్రల సంగతీ పొల్లుపోకుండా చెప్పింది. నీరు తీసేది పొద్దున, రక్తపోటుది దాంతో పాటే, కొవ్వు ఊడ్చేది రాత్రి. డాక్టరు తల ఊపుతూ విన్నాడు.

"బాగుంది. చక్కెర మాత్ర?"

"అది ఆంతోనివారిది."

"ఆంతోనివారు ఎక్కడ?"

ఎదువీహెస్ పావడా అంచుని నలపసాగింది. అసలు విషయం చెబితే ఇంట్లో దేవుణ్ణి పోగొట్టుకున్నదవుతుంది. చెప్పకపోతే మందు మానేసినదవుతుంది. ఏటి ఒడ్డున ఇసుక, డోలు దెబ్బ, చేతి మీద కారే వేడి మైనం, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ళ ముందు కదిలాయి. ఏడుపు వచ్చినంత పనైంది.

"మళ్ళీ కళ్ళు తిరిగి ఏట్లో పడితే నేనేం జవాబు చెప్పుకోను? ఏమీ అనుకోకండమ్మా" అన్నాడు డాక్టరు. ఆయనకీ బాధగానే ఉంది. "ఈ ఏడాది కొవ్వొత్తులు తెమిల్దాగారు పట్టుకుంటారు."

అందరూ గుమ్మం వైపు చూశారు. అక్కడ తెమిల్దా లేదు.

కాసేపటికి వచ్చింది. చేతులు మోచేతుల దాకా తడి. రెండు చేతుల మధ్య పునీత ఆంతోనివారు, తల నుంచి నీళ్ళు కారుతూ. ఆయన పాదాల దగ్గర గిన్నె అలాగే ఉంది, రుమాలుతో గట్టిగా బిగించి కట్టింది.

"మాత్రలు తడవలేదు. తలకిందులుగా, తల వరకే నీళ్ళలో ముంచాను" అంది నేల చూస్తూ.

మా ఊళ్ళో ఎవరికీ అంతకన్నా చెప్పక్కర్లేదు. ఆంతోనివారిని తలకిందులుగా నిలబెట్టడం ఎందుకో పసిపిల్లలకీ తెలుసు. పెళ్ళి కుదిర్చేవరకు ఆయన్ని తిన్నగా నిలబెట్టరు. అదీ మరొకరి ఇంట్లోంచి ఎత్తుకొచ్చిన విగ్రహమైతే పని తొందరగా అవుతుందంటారు. అయితే ఆ పని పెళ్ళీడు పిల్లలు చేస్తారు. మనవలున్న మనిషి చేయగా ఎవరూ చూడలేదు. ఎవరో నవ్వబోయి, తెమిల్దా మొహం చూసి దగ్గులోకి మార్చేశారు.

"నువ్వా వదినా? నువ్వా?" అంది ఎదువీహెస్.

తెమిల్దాకి పౌరుషం వచ్చింది. నీళ్ళు కారుతున్న వేలుని డాక్టరు వైపు చూపించింది. "ఈయన మాత్రే దీనికంతటికీ కారణం! ఎముకలకని వారానికొకటి ఇచ్చారు. వేసుకున్నాక పడుకోవద్దన్నారు. ప్రతి ఆదివారం రాత్రీ వేసుకుని, తెల్లవార్లూ ఆ ఊగుడు కుర్చీలో కూర్చుంటున్నాను. వీధంతా గుర్రుపెట్టి నిద్రపోతుంటే ఒక్కదాన్నీ కళ్ళు తెరుచుకుని కూర్చుంటే, బుర్రలోకి ఏదో ఒకటి రాదా? నిన్న ఇదొచ్చింది."

"తెల్లవార్లూనా?" డాక్టరు నెత్తి పట్టుకున్నాడు. "పొద్దున లేవగానే పరగడుపున వేసుకుని, ఒక్క అరగంట పడుకోకుండా ఉంటే చాలమ్మా! అరగంట!"

"ఆ అరగంట మాట మీరు మీ దగ్గరే ఉంచుకున్నారు."

డాక్టరు నిజంగానే ఉంచుకున్నాడు. మాత్ర ఇచ్చిన రోజు బయట వరస పెద్దదిగా ఉంది, "అర్థమైందా?" అన్నాడు, "అర్థమైంది" అంది, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఎదువీహెస్‌కి రావలసిన కోపం రాలేదు. తెమిల్దా నోరు మూసుకుని ఉంటే కొవ్వొత్తులు ఆవిడవే. ఇంతమంది ముందు, అందులోనూ ఆ ఒక్క మనిషి ముందు, తల వంచుకుని ఆంతోనివారిని తెచ్చింది. తను అయితే తెచ్చేదో లేదో ఎదువీహెస్ గట్టిగా చెప్పలేకపోయింది. విగ్రహాన్ని అందుకుని, పావడా అంచుతో ఆయన తల తుడిచి, తిన్నగా నిలబెట్టి, రుమాలు విప్పింది.

"చక్కెర మాత్ర. మధ్యాహ్నం తిండితో ఒకటి, రాత్రి తిండితో ఒకటి. ఖాళీ కడుపున వేసుకోకూడదు, తిండి మానేయకూడదు. సాధన రోజున ఇదే తప్పు చేశాను డాక్టరుగారూ. పావడా పట్టదని అన్నం మానేసి మాత్ర మింగాను."

"నడుం సన్నగా కనిపించాలనా?" అన్నాడు డాక్టరు.

"మరి డోలు పక్కన ఇంకో డోలులా కనిపించాలా?"

గది గొల్లుమంది. డాక్టరు కూడా నవ్వి, "కొవ్వొత్తులు మీవే. కానీ రాత్రి తిండి వేళకి ఎంత జోరులో ఉన్నా ఆగి, తిని, మాత్ర వేసుకోవాలి. సరేనా?" అన్నాడు. "అర్థమైందా" అని మాత్రం అడగలేదు.

జనం కదులుతుండగా దొన్ రొసెందో మీసం తడుముకుంటూ తెమిల్దా దగ్గరికి వచ్చాడు. "ఇంతకీ... ఆ ఆంతోనివారిని ఎవరి కోసం తలకిందులు చేసినట్టు?"

తెమిల్దా మొహం కందిపోయింది. జవాబు ఎదువీహెస్ చెప్పింది.

"నీకెందుకయ్యా? ముందు నీ రక్తపోటు మాత్ర రోజూ వేసుకోవడం నేర్చుకో. మా వదిన ఒకసారి విధవ అయింది, చాలు."

రొసెందోకి సంగతి బుర్రకెక్కడానికి కొంత సమయం పట్టింది. ఎక్కాక గుమ్మం తగిలి తూలాడు. ఆ సాయంత్రం అతను ఆరోగ్య కేంద్రం మూసేవేళకి వెళ్ళి, రోజూ ఎప్పుడు వేసుకోవాలో నర్సు చేత మళ్ళీ చెప్పించుకున్నాడట. ఆమె ఎంత బాగా నేర్చుకుందో చూద్దామని వచ్చానన్నాడట.

శనివారం పొద్దు వాలేసరికి ఏటి ఒడ్డు నిండిపోయింది. ఎదువీహెస్ ఎర్రపూల పావడాలో, చెప్పులు విడిచి, కొవ్వొత్తుల కట్ట ఎత్తి నడుస్తుంటే ఆమెకి వయసు మీరిందని ఎవరూ అనుకోలేదు. రొసెందో డోలు వాయిస్తున్నాడు. వెనక వరసలో తెమిల్దా, బాగా నిద్రపోయిన మొహంతో, అడుగు తప్పకుండా వస్తోంది. వలయం మంచి జోరులో ఉండగా ఎదువీహెస్ ఎడమ చెయ్యి పైకెత్తింది. డోలు ఆగింది, వేణువు ఆగింది. మా ఊళ్ళో కుంబియా వానకి తప్ప ఆగదు, అందరూ ఆకాశం వైపు చూశారు.

"తిండి వేళైంది" అని ప్రకటించింది ఎదువీహెస్. "రెండు చేతులూ కావాలి. వదినా, ఇవి పట్టుకో. నేను తినేదాకా నువ్వు నడిపించు."

తెమిల్దా చేతులు పావడాకి తుడుచుకుంది. తర్వాత కొవ్వొత్తులు అందుకుంది. రొసెందో డోలు మీద చెయ్యి వేశాడు, ఈసారి ఇంకొంచెం గట్టిగా. ఎదువీహెస్ బెంచీ మీద నర్సు పక్కన కూర్చుని, గుడ్డు పెట్టిన అరేపా రొట్టె విప్పి, ఒక ముక్క తిని మాత్ర మింగింది. మిగతా రొట్టెని చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, కొవ్వొత్తి వెలుగులో తిరుగుతున్న తెమిల్దానీ, డోలు వాయిస్తూ ఆమె మీంచి చూపు తిప్పుకోలేని రొసెందోనీ చూస్తూ కూర్చుంది. వలయం ఒకసారి తిరిగింది, మళ్ళీ తిరిగింది. ఆమె ఇంకా నములుతూనే ఉంది.

తిండితో వేసుకోమన్నాడు కానీ, ఎంతసేపు తినాలో డాక్టరు చెప్పలేదు.